ఓడే ఆల్బమ్ పక్షాన పళ్ళ డాక్టరు

పళ్ళ డాక్టరుకి ఒక జబ్బుంది. గెలుస్తున్న వాదన వైపు ఆయన నిలబడలేడు. నలుగురు కూర్చుని ఒక విషయం మీద తర్కించుకుంటుంటే, ముగ్గురు ఒక వైపూ ఒకడు ఇంకో వైపూ అయ్యేసరికి ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ ఒక్కడి పక్కకి చేరితే గానీ ఊపిరి తిరగదు. ఆ ఒక్కడు చెప్పేది శుద్ధ తప్పు కావచ్చు. పొద్దున్నే డాక్టరు స్వయంగా దాన్ని తిట్టి ఉండవచ్చు. అదేదీ లెక్కలోకి రాదు.

ఈ జబ్బు తిరగబెట్టేది ఆదివారం మధ్యాహ్నాలు, ప్రోగ్ రాక్ దగ్గర. ప్రోగ్ రాక్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మామూలు పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఇది మూడు నిమిషాలకి గొంతు సవరించుకుంటుంది. రికార్డుకి ఒక పక్కంతా ఒకే పాట. మధ్యలో తాళం ఏడుకి మారి, పదకొండుకి పోయి, దారి తప్పి, చివరికి డ్రమ్స్ వాయించేవాడొక్కడే క్షేమంగా ఇల్లు చేరతాడు. ఇష్టపడేవాళ్ళు దీనికి ప్రాణం పెడతారు. ఇష్టపడనివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతారు.

ఆదివారం క్లినిక్కుకి సెలవు కాబట్టి క్లబ్బు అక్కడే కూడేది. వెయిటింగ్ రూమ్‌లో ఆరు బూడిదరంగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద పుచ్చిపోయిన దవడపన్ను బొమ్మ, దాని కింద రికార్డ్ ప్లేయరు, గదంతా లవంగనూనె వాసన. సభ్యులు ఐదుగురు. లైబ్రరీ మేడమ్ ఆరు రోజులు జనాన్ని మాట్లాడొద్దని కసిరి, ఆ మిగిలిపోయిన మాటలన్నీ ఏడో రోజు తనే మాట్లాడేసేది. రిటైరైన బస్సు డ్రైవరు పాట నిడివిని నిమిషాల్లో కాకుండా స్టాపుల్లో కొలిచేవాడు. "బావుందయ్యా, మార్కెట్ దగ్గర ఎక్కితే రైల్వే గేటు దాకా వస్తుంది" అనేవాడు. లిఫ్ట్ మెకానిక్ ముప్ఫై దాటిన మనిషి. లిఫ్టు గోతుల్లో ఒంటరిగా పనిచేసీ చేసీ, నలుగురున్న గదిలో ఆయనకి నోరు పెగిలేది కాదు. ఇక డాక్టరు. ఐదోవాడు డాక్టరుగారి బావమరిది.

ఈ ఐదోవాడి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కథ పొడుగునా కుళ్ళుకున్నది ఆయనే.

బావమరిదికి క్లినిక్కు పక్కనే సొంత కళ్ళజోళ్ళ షాపుంది. పదిహేడేళ్ళ నుంచి బోర్డు మీద ఆయన పేరు అడుగున్నర ఎత్తు అక్షరాల్లో ఉంది. అయినా వీధిలో ఒక్కరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. "డాక్టరుగారి బావమరిది దగ్గర చేయించానండీ" అంటారు. తన దగ్గరికి వచ్చేవాళ్ళకి చూపు ఆనదు కాబట్టి బోర్డు కనబడలేదేమో అని ఆయన సరిపెట్టుకునేవాడు. కానీ కొత్త కళ్ళజోడు పెట్టుకుని బయటికెళ్ళాక కూడా అలాగే అంటే ఏమనుకోవాలి?

ప్రోగ్ రాక్‌ని తన చెవిన వేసింది బావే. మొదటి రికార్డు కొనిచ్చింది బావే. ఎక్కడెక్కడో వెతికి, పోస్టులో తెప్పించి, ఎవరూ విని ఉండరని గుండెల మీద చెయ్యేసుకుని ఒక బ్యాండు పేరు చెబితే, బావ కళ్ళు మూసుకుని దాని రెండో పక్క ఈల వేసేవాడు. అక్కడికీ ఓర్చుకోవచ్చు. పేషెంట్ల సంగతే ఒళ్ళు మండించేది.

డాక్టరు పేషెంటు నోట్లో అద్దం పెట్టి, దూది పెట్టి, నీళ్ళు పీల్చే గొట్టం పెట్టి, అప్పుడు అడిగేవాడు.

"గ్రే పెండ్యులమ్ వాళ్ళ రెండో ఆల్బమ్ కంటే మూడోదే గొప్పదంటాన్నేను. మీరేమంటారు?"

"ఆఁ... ఆఁ..."

"చూశారా! సిస్టర్, రాసుకో. మూడోదానికి ఇంకో ఓటు."

అలా మూడో ఆల్బమ్‌కి ఇరవై ఓట్లు పడేసరికి రెండోదాని మీద ఆయనకి జాలి పుట్టుకొచ్చేది. సోమవారం నుంచి దాని తరఫున ప్రచారం. అదే పేషెంటు, అదే పన్ను, అదే "ఆఁ ఆఁ". ఓటు మాత్రం ఇటు.

బావమరిది కూడా ప్రయత్నించి చూశాడు. గిరాకీని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా అక్షరాల పటం వెలిగించి, "పై వరుస చదవండి. బాగుంది. రెండో వరుస. చాలా బాగుంది. గ్రే పెండ్యులమ్ మీద మీ అభిప్రాయం?" అన్నాడు.

"ఆ వరుస కనబడటం లేదండీ" అన్నాడు గిరాకీ.

డాక్టరుకి ఆపరేషన్ గదిలో కూర్చునే చక్రాల స్టూలొకటి ఉంది. ఆదివారాలు దాన్ని వెయిటింగ్ రూమ్‌లోకి తెచ్చుకునేవాడు. వాదన మొదలయ్యేటప్పుడు ఎవరి పక్కనో బుద్ధిగా ఉండేవాడు. బలాబలాలు తేలగానే కాలితో నేలని ఒక్క తన్ను తన్నేవాడు. సర్ర్‌మని స్టూలు గది దాటేది. అటు చేరాక, తాను పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు మాట్లాడేవాడు.

ఒకసారి పై అంతస్తులో ఉండే పెద్దమనిషి, ఈ చప్పుడు భరించలేకపోతున్నానని క్లినిక్కు మీద ఫిర్యాదు రాశాడు. సంతకాలు అడిగితే బిల్డింగులో ఒక్కరూ పెట్టలేదు. డాక్టరుగారి మీదా? దేవుడిలాంటి మనిషి మీదా? పెద్దమనిషి ఒంటరివాడైపోయాడు. ఆ సంగతి చెవిన పడగానే డాక్టరు మెట్లెక్కి వెళ్ళి, కాగితం తీసుకుని, రెండు తప్పులు దిద్ది, "డ్రమ్స్ మాట రాయడం మరిచిపోయారు" అని ఒక వాక్యం చేర్చి, కింద మొదటి సంతకం తనే పెట్టాడు. ఆ పెద్దమనిషి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నా డాక్టరు ఒప్పుకోలేదు. "న్యాయం మన వైపుందండీ, గట్టిగా నిలబడండి" అన్నాడు.

ఊరందరి పక్షానా ఇలా నిలబడ్డ బావ, క్లబ్బు పెట్టిన పదకొండేళ్ళలో తన పక్షాన ఒక్కసారి కూడా రాలేదన్నది బావమరిది కడుపుమంట. ఆయన వాదనకి నోట్‌బుక్కుతో వచ్చేవాడు. ఏ పాట ఎన్నో నిమిషంలో ఏం జరుగుతుందో ఎర్రసిరాతో రాసుకునేవాడు. అంత తయారై వస్తే ఎవరైనా గెలుస్తారు. గెలవడం మొదలవగానే సర్ర్. లైబ్రరీ మేడమ్ కోసం వెళ్ళాడు బావ. డ్రైవరు కోసం వెళ్ళాడు. మెకానిక్ కోసమైతే చెప్పక్కర్లేదు. ఒకసారి మందుల కంపెనీ నుంచి వచ్చి, క్లబ్బని తెలియక కూర్చుని, "నాకు రెండు నిమిషాల పాటలే ఇష్టం" అన్న ప్రతినిధి కోసం కూడా వెళ్ళాడు. సొంత బావమరిది వైపు మాత్రం ఆ చక్రాలు తిరగవు!

ఇలా ఉండగా లైబ్రరీ మేడమ్ ఒక ఆదివారం ఉత్తరం ఒకటి పట్టుకొచ్చింది. ఊళ్ళో ఒక చిన్న రేడియో స్టేషనుంది. శనివారం సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా క్లబ్బుకి ఒక గంట ఇస్తారట. ఒకే ఒక్క ఆల్బమ్, మొత్తం. ముందు ఒక సభ్యుడు వచ్చి పది నిమిషాలు దాని గురించి మాట్లాడాలి. ఏ ఆల్బమ్, ఎవరు మాట్లాడతారు అన్నది వచ్చే ఆదివారం ఓటేసి తేల్చుకోవాలి.

బావమరిదికి ఆ వారమంతా నిద్ర సరిగా పట్టలేదు. ఆల్బమ్ సంగతి ఆలోచించాల్సిన పనే లేదు. గ్రే పెండ్యులమ్ వాళ్ళ 'గ్లాస్ మెరిడియన్'. అద్దాలు సానపట్టేవాడి కథ, నలభై రెండు నిమిషాలు. నలభైసార్లు విన్నాడు. కానీ ఆయన్ని ఊపేసింది ఆల్బమ్ కూడా కాదు. రేడియోలో మనిషిని పరిచయం చేసేటప్పుడు పేరు చెబుతారు. సొంత పేరు. ఫలానావారి బావమరిది అనరు.

ఆదివారం ఆయన నోట్‌బుక్కు తెరిచి నిలబడి మాట్లాడాడు. "పదిహేడో నిమిషంలో ఆర్గన్ ఆగుతుంది. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం కోసమే మిగతాదంతా. రేడియోలో ఊరంతా ఆ క్షణం వినాలి."

"నాకు సమ్మతమే" అంది లైబ్రరీ మేడమ్.

"నాకూనూ. ఎక్కడా బ్రేకు వెయ్యకుండా డిపో దాకా పోయే ఆల్బమ్" అన్నాడు డ్రైవరు.

"అదరగొట్టావు బావమరిదీ" అన్నాడు పక్కనే స్టూలు మీద ఉన్న డాక్టరు.

లిఫ్ట్ మెకానిక్ చెయ్యి సగం పైకి లేచింది. "నాదొకటి... టిన్ అబ్జర్వేటరీ వాళ్ళది... కాగ్‌వీల్ వింటర్ అని..."

"అయ్యో, అదా!" మేడమ్ ఫక్కున నవ్వింది. "నాలుగు నిమిషాల పాటు ఉత్త గాలి చప్పుడుంటుంది, అదేగా? ప్లేయరు పాడైందనుకుని నేను సూది మార్పించాను!"

డ్రైవరు కూడా నవ్వాడు. సగం లేచిన చెయ్యి దిగిపోయింది. బావమరిది కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వచ్చేది ఏమిటో ఆయనకి తెలుసు.

సర్ర్.

"ఆ గాలి ఎక్కడిదో మీకు తెలుసా?" అన్నాడు డాక్టరు అవతలి గోడ దగ్గర్నుంచి. "నాకూ తెలీదు. ఈయనకి తెలుసు. చెప్పండి."

మెకానిక్ మోకాళ్ళ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "లిఫ్టు గోతిలో నిలబడితే వస్తుంది సార్ ఆ చప్పుడు. పన్నెండో అంతస్తులో తలుపు తెరిచుంటే కిందికి దిగుతుంది. అందులో ఒక శ్రుతి ఉంటుంది. లిఫ్టు దగ్గరికొస్తుంటే శ్రుతి మారుతుంది. చీకట్లో దాన్ని బట్టే తెలుస్తుంది, పక్కకి జరగాలా అని. వీళ్ళు... ఆ శ్రుతి ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే కీబోర్డు ఎత్తుకున్నారు సార్. నేను చాలాసార్లు విన్నాను. వెంట్రుకవాసి తేడా లేదు."

క్లబ్బులో చేరిన ఐదేళ్ళలో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇంత పొడుగు లేవు. డాక్టరు లేచి రికార్డు పెట్టాడు. గాలి వచ్చింది. మేడమ్ ఈసారి నవ్వలేదు. కీబోర్డు అందుకున్నచోట డ్రైవరు తొడ మీద చరిచి, "ఓరి వీడి దుంపతెగ, ఇది స్టాపు కాదు, మలుపు!" అన్నాడు. టీ కప్పులు ఖాళీ అయ్యేసరికి ఓట్లు పడ్డాయి. కాగ్‌వీల్ వింటర్‌కి నాలుగు. గ్లాస్ మెరిడియన్‌కి ఒకటి. మాట్లాడేది మెకానిక్.

బావమరిది నోట్‌బుక్కు చంకలో పెట్టుకున్నాడు.

"బావా, ఒక్క మాట. నీకు కావలసింది పాటా? నా ఓటమా?"

"ఒరేయ్, కూర్చోరా, నేను..."

"అక్కర్లేదు. ఈయన్నే బావమరిదిని చేసుకో. లిఫ్టులో పైకి తీసుకెళ్తాడు" అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

తరవాత మూడు ఆదివారాలు ఆయన క్లబ్బు మొహం చూడలేదు. అలాగని ఇంట్లోనూ కూర్చోలేదు. సెలవురోజు షాపు తెరిచి, షట్టరు సగం దించి, క్లినిక్కు వైపు గోడకి గాజుగ్లాసు ఆనించి, దానికి చెవి ఆనించి కూర్చునేవాడు. మాటలు తెలిసేవి కావు. బావ గొంతు పెద్దగా వినబడేది, మేడమ్ గొంతు ఇంకా పెద్దగా. మెకానిక్ నవ్వు వినబడేది. మెకానిక్ నవ్వడం కూడానా! తను లేకపోతే నవ్వు ఆగిపోతుందనుకున్నాడాయన. ఆగలేదు సరికదా, నవ్వడం రానివాళ్ళు కూడా నేర్చుకున్నారు. బావ అంతగా అరుస్తున్నాడంటే తననే తిడుతున్నాడని తేల్చుకుని, ఆ తిట్లు ఏమై ఉంటాయో తనే ఊహించుకుని, వాటికి జవాబులు నోట్‌బుక్కులో ఎర్రసిరాతో రాసుకున్నాడు. ఏడు పేజీలయ్యాయి.

మూడో ఆదివారం కూడా గడిచాక, వారం మధ్యలో డాక్టరు భార్య షాపుకొచ్చింది. కళ్ళజోడు మీద కూర్చుందట. ఒక కాడ ఆకాశంలోకి, ఒక కాడ పాతాళంలోకి చూస్తున్నాయి.

"మీ ఆయన పంపాడా?" అన్నాడు తమ్ముడు, స్క్రూడ్రైవరు వెతుకుతూ.

"ఆయన పంపితే వచ్చేదాన్నా? నా కళ్ళజోడు విరిగింది, నాకు తమ్ముడున్నాడు, వచ్చాను. ఏమిట్రా నీ అలక?"

"అలకేం కాదు. ఊళ్ళో ప్రతివాడి వైపూ వెళ్తాడు బావ. నా వైపు ఒక్కసారి వచ్చాడా? ఒక్కసారి చెప్పు."

అక్క ఆ విరిగిన కళ్ళజోడు లేకుండానే తమ్ముణ్ణి తేరిపార చూసింది. "మొట్టమొదట నీ వైపే వచ్చాడు కదరా."

"ఎప్పుడు?"

"నన్ను చేసుకుంటానని మొదటిసారి మనింటికి వచ్చినప్పుడు. అమ్మకి నచ్చాడు, నాన్నకి నచ్చాడు, నాకు సరేసరి. నువ్వొక్కడివే, పదహారేళ్ళ వెధవ్వి, అందరి ముందూ నిలబడి 'ఈయన మా అక్కకి తగడు' అన్నావు. గది చల్లబడిపోయింది. నాన్న చెయ్యెత్తాడు కూడా నీ మీద. ఆయన లేచొచ్చి నీ పక్కన నిలబడి ఏమన్నాడో గుర్తులేదూ? 'అబ్బాయి చెప్పినదాంట్లో నిజముందండీ. నాకు జీతం తక్కువ. నిద్రలో ఈల వేస్తాను. ఆలోచించుకోండి' అన్నాడు. వాళ్ళు ఆలోచించుకోవడానికి మూడు నెలలు పట్టింది. నీ వల్ల కాదు, ఆయన వాదన వల్ల!"

బావమరిది కాడ వంపు తీసి, స్క్రూ బిగించాడు.

"అప్పుడు నాకు పదహారేళ్ళక్కా. అది లెక్కలోకి రాదు" అన్నాడు చివరికి.

మర్నాడు సాయంత్రం షాపు తలుపు దగ్గర లిఫ్ట్ మెకానిక్ నిలబడ్డాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"కళ్ళ పరీక్షా?" అన్నాడు బావమరిది, అక్షరాల పటం కంటే దూరంగా చూస్తూ.

"కాదు సార్. ఎల్లుండే రేడియో. రాసుకున్నాను, చదవడం రావట్లేదు. డాక్టరు సార్‌ని అడిగితే, ఈ ఊళ్ళో ఆల్బమ్ గురించి నిలబడి మాట్లాడటం తెలిసినవాడు ఒక్కడే, వాడి దగ్గరికి వెళ్ళమన్నారు."

"ఎవరు? బావా? మూడు వారాలుగా నన్ను తిడుతున్నది వినబడుతూనే ఉందిలే గోడలోంచి."

మెకానిక్ తెల్లబోయాడు. "తిట్టడమా? సార్, మిమ్మల్ని తిట్టింది మేము."

"ఏమిటీ?"

"మీరు తలుపు వేసి వెళ్ళగానే మేడమ్ అన్నారు, ఆయనకి అసూయ ఎక్కువని. డ్రైవరు బాబాయి అన్నారు, ఓడిపోతే ఆట బోర్డు తన్నేసే రకమని. నేనూ తల ఊపాను సార్. క్షమించండి. అప్పటికే డాక్టరు సార్ స్టూలు మీ ఖాళీ కుర్చీ పక్కకి వెళ్ళిపోయింది. మూడు ఆదివారాలూ అక్కడే. ఆయనొక్కరూ ఒక వైపు, మేం ముగ్గురం ఒక వైపు. రేడియోలో రావలసింది గ్లాస్ మెరిడియనేనని ఒకటే పోట్లాట."

బావమరిది స్టాండు మీద ఫ్రేములు సర్దడం మొదలుపెట్టాడు. అవి సర్దే ఉన్నాయి. "ఏమన్నాడు ఇంతకీ?"

"ఆ పదిహేడో నిమిషం ఉంది కదా సార్, ఆర్గన్ ఆగేది. అక్కడ ఆ అద్దాలాయన సానపట్టడం ఆపి, మొదటిసారి ఆ అద్దంలోంచి చూస్తాడన్నారు. చూసి ఊపిరి బిగబడతాడు. అందుకే సంగీతం కూడా ఊపిరి బిగబట్టిందన్నారు."

నలభైసార్లు విన్న బావమరిదికి ఆ ముక్క ఒక్కసారి కూడా తట్టలేదు. ముందు ఆయన గుండె ఉప్పొంగింది. బావ తన వైపు ఉన్నాడు. మూడు వారాలుగా ఉన్నాడు. ఆ వెనకే, ఎక్కడ దాక్కుందో, పాత మంట లేచింది. నా ఆల్బమ్ గురించి నాకంటే బాగా మాట్లాడతాడా!

"మరి నీకు కోపం రాలేదూ? నీ ముందే నీ ఆల్బమ్‌ని కాదంటుంటే?"

"అడిగాను సార్. ఆయన నవ్వారు. 'నీకిప్పుడు ఇద్దరు తోడున్నారయ్యా, ఇక మునగవు. ఆ కుర్చీ చూడు, దాంట్లో మనిషి కూడా లేడు' అన్నారు."

బావమరిది కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది ఆయన వృత్తి కాబట్టి ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు. తరవాత కాగితం అందుకుని, ఎర్రసిరా కలం మూత తీశాడు. సగం కొట్టేశాడు. మెకానిక్‌ని కుర్చీలోంచి లేపి అక్షరాల పటం ముందు నిలబెట్టాడు.

"దానితో మాట్లాడు. పై వరుస అందరికీ కనబడేది. అక్కడ మొదలుపెట్టు, పెద్దగా, తేలిగ్గా. కింది వరుస ఎవరో ఒకరిద్దరికే ఆనుతుంది. ఆ గాలి సంగతి అక్కడికొచ్చాక చెప్పు. ఊఁ, కానీ."

మెకానిక్ అక్షరాలతో ఆరుసార్లు మాట్లాడాడు. ఆరోసారి బావమరిదికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంత బాగా తయారుచేసినందుకు తన మీద తనకే కోపం కూడా వచ్చింది.

శనివారం నాలుగున్నరకి ఆయన క్లినిక్కు తలుపు తోశాడు. మేడమ్ గబగబా లేచి కుర్చీ జరిపింది. డ్రైవరు బిస్కెట్ల పొట్లం ముందుకి తోశాడు. అక్క రేడియో తిప్పుతోంది. డాక్టరు మాత్రం గది మధ్యలో స్టూలు మీద ఎటు పోవాలో తెలియనట్టు ఉన్నాడు.

బావమరిది ఒక ఎత్తు వేశాడు. ఏదైనా దిక్కుమాలిన మాట అంటే తను ఒంటరివాడవుతాడు, బావ కళ్ళెదురుగానే తన వైపు వస్తాడు.

"ఎవరేమన్నా సరే, గ్రే పెండ్యులమ్ వాళ్ళ అన్నిట్లోకీ గొప్పది ఆఖరి ఆల్బమే" అన్నాడు. అది ఆ బ్యాండువాళ్ళే మాది కాదని చెప్పుకున్న ఆల్బమ్.

మేడమూ డ్రైవరూ మొహాలు చూసుకున్నారు. మేడమ్ అతి మర్యాదగా, "ఆలోచిస్తే... అదీ నిజమేనేమో" అంది. "రెండో స్టాపు దాటాక బావుంటుందయ్యా, నేనెప్పుడో అన్నాను" అన్నాడు డ్రైవరు.

సర్ర్. డాక్టరు అవతలి గోడ దగ్గర తేలి, "శుద్ధ చెత్త!" అన్నాడు.

ఐదయింది. మెకానిక్ గొంతు వినబడింది. మొదటి వాక్యం రెండుసార్లు తడబడింది. తరవాత, "ఇది ఎలా చెప్పాలో నాకు నేర్పినవారికి ముందు దండం పెట్టుకోవాలి" అని బావమరిది పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, పూర్తిగా, ఊరంతా వినేలా.

"అదెవరయ్యా?" అన్నాడు డ్రైవరు.

బావమరిది జవాబు చెప్పే లోపు మేడమ్ "ష్" అంది. మెకానిక్ మాటల్లోనే లిఫ్టు గోతిలోకి దిగాడు. పన్నెండో అంతస్తు తలుపు తెరుచుకుంది. ఆయన గొంతు చిన్నదైన కొద్దీ గదిలో అందరూ రేడియో మీదకి వంగారు. పది నిమిషాలూ అయి ఆల్బమ్ మొదలైంది. గాలి వచ్చి వెళ్ళింది. మొదటి పక్క ముగిసి, రికార్డు తిరగేస్తుండగా స్టేషనావిడ మాట్లాడింది.

"ఇప్పటిదాకా తొమ్మిది ఫోన్లొచ్చాయండీ. ఎనిమిదిమంది స్టేషను ఆగిపోయిందా అని అడిగారు. ఒకాయన, బయట గాలివానా, బట్టలు తియ్యమంటారా అని అడిగారు."

"బావుందని... ఎవరైనా..." అన్నాడు మెకానిక్.

"ఇంకా లేదండీ."

"పర్వాలేదండీ" అన్న ఆ గొంతు మళ్ళీ పాత గొంతే. మోకాళ్ళ వైపు చూస్తున్న గొంతు.

నాలుగు వారాల కిందట అయితే బావమరిది ఈ మాట విని బిస్కెట్లు పంచేవాడు. ఇప్పుడు ఎవరికీ తెలియకుండా లేచి, లోపలి గదిలో ఫోనుంది కదా అని అటు నడిచాడు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల డాక్టరు, రిసీవరు మీద చేతిరుమాలు కప్పి, గొంతు పీలగా చేసి మాట్లాడుతున్నాడు. ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

"నేనొక గృహిణినండీ... అవునండీ... స్టవ్వు ఆపేసి మరీ వింటున్నాను. ఆ గాలి దగ్గర నాకు ఏడుపొచ్చిందండీ..."

ఫోను పెట్టేసి తిరిగేసరికి గుమ్మంలో బావమరిది.

"ఇందులోనూ నువ్వే ముందా బావా?"

"నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?"

"పన్ను నొప్పి. ఇటివ్వు ఆ రుమాలు" అని బావమరిది నంబరు నొక్కి, ఛాతీ విరుచుకుని, గొంతు లావు చేశాడు. "హలో! నేను రిటైరైన ఓడ కెప్టెన్‌ని. ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద ఉన్నాను. గాలంటే ఏమిటో నాకు తెలుసు. ఇది గాలి!"

ఇద్దరూ ఏమీ ఎరగనట్టు చెరో నిమిషం తేడాతో వెయిటింగ్ రూమ్‌లోకి వచ్చారు. రెండో పక్క పూర్తయింది. స్టేషనావిడ గొంతులో నవ్వు ఆగడం లేదు.

"ఇద్దరు శ్రోతలు ఫోన్ చేసి, ఇంతకంటే గొప్ప ఆల్బమ్ వినలేదన్నారండీ. ఒకరు గృహిణి, ఒకరు ఓడ కెప్టెన్. విచిత్రమేమిటంటే ఇద్దరిదీ ఒకటే నంబరు." ఆవిడ నంబరు చదివింది.

రేడియోలో మెకానిక్ నవ్వాడు. గోడ అవతల వినబడ్డ నవ్వు కంటే పెద్దది. "ఆ నంబరు నాకు తెలుసండీ" అన్నాడు. "పంటి నొప్పి వస్తే చేసేది."

వెయిటింగ్ రూమ్‌లో ముగ్గురూ రేడియో వదిలేసి వీళ్ళిద్దరి వైపు తిరిగారు. లోపలి గది తలుపు సరిగా వెయ్యలేదేమో, గొంతులు బయటికి వినబడనే వినబడ్డాయి.

"గృహిణి అచ్చం గృహిణే" అంది అక్క. "నేనే మోసపోయేదాన్ని."

"కెప్టెన్ తేలిపోయాడు" అంది మేడమ్.

"నాకూ గృహిణే నచ్చింది. ఆ కెప్టెన్ ఓడ ఎక్కి ఉండడు" అన్నాడు డ్రైవరు.

ముగ్గురికి ముగ్గురూ! ఫోనులో దొంగగొంతు పెట్టడంలో కూడా బావే గొప్పా? బావమరిదికి చెవులు ఎర్రబడ్డాయి. అంతలో డాక్టరు నడుచుకుంటూ వచ్చి ఆయన భుజం పక్కన భుజం ఆనించి నిలబడ్డాడు.

"మీకెవరికీ చెవుల్లేవు" అన్నాడు మిగతా ముగ్గురితో. "కెప్టెన్ గొంతులో ఉప్పుగాలి ఉంది. ముప్ఫై ఏళ్ళ ఒంటరితనం ఉంది. ఆ గృహిణి ఉందే, ఉత్త నటన. స్టవ్వు ఆపిందట! ఆవిడ జన్మలో స్టవ్వు వెలిగించిన మొహం కాదు. కెప్టెన్‌తో ఆవిడకి పోలికేమిటి?"

ముగ్గురూ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. బావమరిది దగ్గర దీనికి తిరుగులేని సాక్ష్యాలు నాలుగైనా ఉన్నాయి. నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆయన పెదవి కదపలేదు. వాదిస్తే ఎక్కడ గెలిచిపోతాడోనని భయం వేసింది.